ఆల్టమాంట్ కొండ మీద నాలుగు తరాల ప్రియస్: గ్యాస్ ఎవరు తాగారు, ఎవరు తాగించారు

"అన్నా, నీ దగ్గర కొన్న ప్రియస్ అమ్మేసి కొత్తది తీసుకుంటే గ్యాస్ మీద ఎంత మిగులుద్ది?"

2023 సెప్టెంబర్‌లో వరంగల్ తమ్ముడొకడు అడిగాడు. ప్రియస్ అంటే టయోటా హైబ్రిడ్ కారు, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటార్ కూడా ఉంటాయి. గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే. మేమిద్దరం ఉండేది కాలిఫోర్నియాలో మౌంటెన్ హౌస్‌లో, పని చేసేది కొండకి అవతల ఫ్రీమాంట్‌లో. జవాబు ఫోన్లోనే చెప్పేయొచ్చు. నీది 2012 మోడల్, ఈపీఏ (ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ) స్టిక్కర్ మీద 50 ఎంపీజీ, అంటే గాలన్‌కి 50 మైళ్లు, కొత్త ప్రియస్ ఎల్ఈ మోడల్ మీద 57, తేడా తీసి చూసుకో అని. కానీ ఆ 2012 కారు నాలుగేళ్లు నేను నడిపిందే. నా చేతిలో అది సగటున 50 ఎప్పుడూ ఇవ్వలేదు. మరి స్టిక్కర్ అబద్ధమా, నా కాలు బరువా, కారులో ఏదన్నా లోపమా? అప్పట్లో పట్టించుకోలేదు, అమ్మేశాక మర్చిపోయాను. ఇప్పుడు వీడు అడిగేసరికి కుదురుగా కూర్చోలేకపోయాను. వాహనాల టెస్ట్ డేటా చూసుకోవడం నా వృత్తి, పైగా 2009 నుంచి కొట్టించిన ప్రతి గాలన్‌కీ లెక్క రాసుకునే జబ్బు ఉంది. మా ఆవిడ దాన్ని జబ్బనే అంటుంది.

నా చేతి మీదుగా వరసగా నాలుగు తరాలు నడిచాయి. 2007 రెండో తరం కారు 2009లో పాతదే కొన్నాను, అది ఇంకా ఇంట్లోనే ఉంది, మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చినప్పుడు తిప్పుతాడు. 2012 మూడో తరం 2013లో కొని 2017లో ఈ తమ్ముడికే అమ్మాను. 2017 నాలుగో తరం ఇప్పుడు మా ఆవిడది. 2023 ఐదో తరం ఎల్ఈ నాది. మొదటి తరం కారు నా చేతికి రాలేదు కాబట్టి దాని ఊసెత్తను. అందరికీ రాకపోకలు ఒకే దారిలో. మౌంటెన్ హౌస్‌లో 205 హైవే ఎక్కి, 580 మీద ఆల్టమాంట్ కనుమ దాటి, లివర్‌మోర్, ప్లెజంటన్ మీదుగా 680 పట్టుకుని, సునోల్ కొండ ఎక్కి ఫ్రీమాంట్‌లో దిగడం. ఒకవైపు దాదాపు 38 మైళ్లు. మైలేజ్ పరీక్షకి ఇంతకన్నా మంచి దారి, ఇంతకన్నా చెడ్డ దారి రెండూ దొరకవు. రెండు కొండలు, మధ్యలో చదును, పొద్దున్నే జామ్, ఆల్టమాంట్ మీద ఎప్పుడూ గాలి. అక్కడ గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఎండాకాలంలో సముద్రం వైపు నుంచి లోయలోకి గాలి తోసుకొస్తుంది, పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. పొద్దునొచ్చిన మైలేజ్ చూసి ఏడ్చినవాడు సాయంత్రం అదే కారుని పొగుడుతాడు.

ముందు నా పాత చిట్టా చెప్తాను. మొత్తం నడిచిన మైళ్లని మొత్తం పోసిన గాలన్లతో భాగిస్తే రెండో తరం 46.1, మూడోది 47.4, నాలుగోది 53.2, ఐదోది అప్పటిదాకా 54.6. మన ఊళ్లో లెక్కలో చెప్పాలంటే లీటరుకి 19.6, 20.2, 22.6, 23.2 కిలోమీటర్లు.

ఇక్కడ ఒక మాట. చాలామంది ట్యాంకు ట్యాంకుకీ వచ్చిన ఎంపీజీలన్నీ కూడి సగటు తీస్తారు. అది తప్పు. 100 మైళ్లు 50 ఎంపీజీతో, ఇంకో 100 మైళ్లు 25తో నడిపారనుకోండి, పోసింది 2 గాలన్లు, 4 గాలన్లు, మొత్తం 6. 200ని 6తో భాగిస్తే 33.3. సగటు తీసినవాడికి 37.5 కనపడి సంతోషపడతాడు. మా ఆఫీసులో పీహెచ్‌డీ ఉన్నాయన కూడా ఇలాగే చేశాడు, పేరు చెప్పను.

డాష్‌బోర్డ్ అంకె నమ్మడం ఇంకో పెద్ద పొరపాటు. నా నాలుగు కార్లూ ఎక్కువే చూపించాయి, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో మోతాదులో. రెండో తరం 2.5 శాతం దగ్గర, మూడోది ఏకంగా 5 శాతం, నాలుగోది 3.5, ఐదోది 4. అంటే ఒకడు "నా మూడో తరం కారు 50 ఇస్తోంది" అంటే, ఇంకొకడు "నా రెండోది 47 ఇస్తోంది" అంటే, వాళ్ల మధ్య అసలు తేడా 3 కాదు, రెండు కూడా నిండదు. డాష్‌బోర్డ్‌ని డాష్‌బోర్డ్‌తో పోల్చి తరాల గురించి తీర్పులు చెప్పేవాళ్లని చూస్తే నాకు బీపీ వస్తుంది.

అలాగని పంపు లెక్క గొప్పదా అంటే, రెండో తరం కారు దగ్గర అదీ మోసం చేస్తుంది. అమెరికాలో అమ్మిన రెండో తరం ప్రియస్‌లో గ్యాస్ ట్యాంకు లోపల మెత్తటి సంచి లాంటిది ఉంటుంది, గ్యాస్ తగ్గేకొద్దీ అది ముడుచుకుంటుంది. ఆవిరి గాల్లోకి పోకుండా పెట్టిన ఏర్పాటు అది. చలికాలంలో ఆ సంచి బిగుసుకుపోయి పూర్తిగా సాగదు, పంపు ముందే టిక్కుమని ఆగిపోతుంది. ఒక ట్యాంకుకి 52 వస్తుంది, తర్వాతదానికి 41. కారు మారలేదు, కాలు మారలేదు, సంచి మారింది. అందుకే దానికి కనీసం ఐదారు ట్యాంకులు కలిపి చూస్తే తప్ప మాట్లాడకూడదు. మూడో తరంలో మామూలు ట్యాంకు పెట్టారు, ఆ గొడవ పోయింది.

ఇక చిట్టాలో నాకు మొదట్నుంచీ గుచ్చుకుంటున్న ముల్లు మూడో తరం. ఈపీఏ లెక్కలో రెండో దానికి 46, మూడోదానికి 50. నాకు వచ్చింది 46.1, 47.4. ఒకటి స్టిక్కర్‌కి సరిగ్గా తూగింది, ఇంకొకటి రెండున్నర తక్కువ.

ఈపీఏ 46 అన్నానని కొంతమంది పాత ఓనర్లు కొట్టడానికి వస్తారు, ఎందుకంటే వాళ్లు కొన్నప్పుడు అద్దం మీద సిటీ 60, హైవే 51 అని ఉంది. నా 2007 కారుదీ అదే స్టిక్కర్. అప్పటి హైవే పరీక్ష సగటు వేగం గంటకి 48 మైళ్లు, ఎంత తొక్కినా 60 దాటదు, ఏసీ లేదు, చలి లేదు. 580 మీద 48లో వెళ్తే వెనకున్నవాడు హారన్ మీంచి చెయ్యి తీయడు. 2008 మోడళ్ల నుంచి లెక్క మార్చారు, 80 దాకా వేగం, 95 డిగ్రీల ఎండలో ఏసీ, 20 డిగ్రీల ఫారన్‌హీట్ చలి అన్నీ కలిపారు. అదే రెండో తరం కారు రాత్రికి రాత్రి 60/51 నుంచి 48/45 అయింది, కలిపితే 46. కారులో ఒక్క బోల్టు మారలేదు. జపాన్‌లో అదే కారుకి అప్పటి పరీక్ష ప్రకారం లీటరుకి 35.5 కిలోమీటర్లు అని ప్రకటించారు, అంటే 83 ఎంపీజీ! విజయవాడలో మా బావమరిది టయోటా హైరైడర్ హైబ్రిడ్ కొని, "బావా, కంపెనీ లీటరుకి 27.97 అంది, నాకు 22 వస్తోంది, బండిలో ఏదో తేడా ఉంది" అని నెలరోజులు టెన్షన్ పడ్డాడు. బండిలో ఏం లేదు, ల్యాబ్‌లో రోలర్ మీద నడిపినప్పుడు బెంజ్ సర్కిల్ ఉండదు, అంతే.

కాబట్టి స్టిక్కర్ తప్పు కాదు, కొత్త పద్ధతి చాలావరకు నిజానికి దగ్గరగానే ఉంది. మరి నా మూడో తరం కారు ఎందుకు తగ్గింది?

చిట్టా తేదీలవారీగా విడగొట్టి చూశాను. 2014 చివరిదాకా 49.3. ఆ తర్వాత అమ్మేదాకా 46.2. మధ్యలో గీత గీసినట్టు ఒక్క వారంలో పడిపోయింది. ఆ వారం రసీదు తీస్తే, టైర్లు. నాలుగూ మార్పించాను. దగ్గర్లో ఉన్న షాపులో "ఇవి కూడా అదే సైజు, 80,000 మైళ్లు గ్యారంటీ, ఒక్కో టైరుకి 35 డాలర్లు తక్కువ" అంటే సరేనన్నాను. పైగా వాళ్లు గాలి 30 కొట్టి పంపారు, తలుపు దగ్గర స్టిక్కర్ మీద ముందు 35, వెనక 33 అని రాసి ఉన్నా. గాలి రెండు వారాలకే సరిచేసుకున్నాను గానీ టైర్లు మాత్రం అవే. తక్కువ నిరోధంతో దొర్లేలా చేసిన టైరుకీ మామూలు టైరుకీ పైకి తేడా తెలియదు, కారు పట్టు ఇంకొంచెం బాగుందనిపిస్తుంది కూడా. 36,000 మైళ్లు అలాగే నడిపాను. 49.3కీ 46.2కీ మధ్య తేడా ఆ మైళ్లకి దాదాపు 49 గాలన్లు. నాలుగు టైర్ల మీద మిగుల్చుకున్న 140 డాలర్లు ఎక్కడికి పోయాయో లెక్క మీకే వదిలేస్తున్నా.

కొత్త టైర్లు వేస్తే మైలేజ్ తగ్గడం మంచి టైర్లతో కూడా కొంత జరుగుతుంది, దీన్ని చాలామంది గమనించరు. అరిగిన టైరు చిన్నదవుతుంది. 15 అంగుళాల రిమ్ మీద ఉండే ఈ టైరు వ్యాసం 25 అంగుళాలు, అంగుళాన్ని 32 వంతులు చేస్తే కొత్తగా ఉన్నప్పుడు గాడి లోతు 10 వంతులు, అరిగాక 3 వంతులు. వ్యాసంలో దాదాపు 0.44 అంగుళం పోతుంది, అంటే 1.8 శాతం. చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, ఓడోమీటర్ 100 మైళ్లకి దాదాపు 102 చూపిస్తుంది. ఎంపీజీ ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది. నేను జీపీఎస్‌తో సరిచూసుకుని దిద్దుకున్నాను, పైన చెప్పిన అంకెలన్నీ దిద్దినవే.

టైరు ఎంత పనిచేస్తుందో నా మాట నమ్మక్కర్లేదు, ఐదో తరం స్టిక్కర్లే చూడండి. ముందు చక్రాలతో నడిచే ఎల్ఈ మోడల్‌కి 17 అంగుళాల చక్రాలు, 57 ఎంపీజీ. దాని పై మోడల్ ఎక్స్ఎల్ఈకి 19 అంగుళాలు, 52. అదే ఇంజిన్, అదే బ్యాటరీ, అదే బాడీ. ఎక్స్ఎల్ఈలో సామాన్లు కాస్త ఎక్కువుంటాయి, బరువు కొంచెం ఎక్కువ, కానీ ఐదు ఎంపీజీలో ఎక్కువ భాగం తినేది ఆ అందమైన చక్రాలే. 52 అంటే నాలుగో తరం అంకె. చక్రాల అందం కోసం ఒక తరం వెనక్కి వెళ్లడం అన్నమాట. షోరూంలో మా అబ్బాయి 19 అంగుళాల కారు పక్కనే నిలబడి ఫొటోలు తీసుకున్నాడు, నేను ఎల్ఈ కీ తీసుకున్నాను. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు వాడు.

సరే, చిట్టా ఎంత విడగొట్టినా ఒక ఇబ్బంది పోదు. 2010లో నేను నడిపిన తీరూ 2023లో నడిపిన తీరూ ఒకటి కాదు. అప్పుడు వారానికి ఐదు రోజులు ఆఫీసు, సగం దూరం జామ్‌లో పాకడమే. జామ్‌లో పాకడం ప్రియస్‌కి ఇష్టం, ఇంజిన్ ఆపేసుకుని బ్యాటరీ మీద జరుగుతుంది. 2020 తర్వాత వారానికి రెండు రోజులే ఆఫీసు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తాం, అందరూ 75 తొక్కుతున్నారు, మిగతా రోజుల్లో బడికీ, కూరగాయలకీ రెండు మూడు మైళ్ల ట్రిప్పులు. అంటే కొత్త కార్లకి కష్టమైన పని పడింది, పాతవాటికి తేలిక పని. అందుకే నాలుగు కార్లనీ ఒకే రోజు ఒకే దారిలో నడిపి చూద్దామనుకున్నాం.

2023 అక్టోబర్‌లో రెండు వారాంతాలు. డ్రైవర్లు నలుగురం: నేను, మా ఆవిడ, వరంగల్ తమ్ముడు, పక్కింటి పెద్దాయన. పెద్దాయన రైల్వేలో రిటైరై కొడుకు దగ్గరకి వచ్చారు, ఇక్కడి లైసెన్స్ తెచ్చుకుని నడపడానికి ఎవరూ కారు ఇవ్వట్లేదని బాధపడుతున్నారు. శనివారం రెండు రౌండ్లు, ఆదివారం రెండు. ప్రతి రౌండుకీ డ్రైవర్ మారాలి, నాలుగు రౌండ్లయ్యేసరికి నలుగురూ నాలుగు కార్లూ నడిపినట్టే, ఎవరి కాలు బరువైనా అన్ని కార్లకీ సమానంగా పడుతుంది. మొత్తం 304 మైళ్లు. నాలుగిటికీ గాలి 36 కొట్టాం. తమ్ముడి కారుకి అప్పటికీ తక్కువ నిరోధం టైర్లు వేయించలేదు, దొర్లడంలో మంచివి కాని ఆ కోవ టైర్లే, కానీ అరిగి ఉన్నాయి, అది గుర్తుపెట్టుకోండి. ట్రేసీలో ఒకటే పంపు, ఒకటే నాజిల్, మొదటిసారి టిక్కుమన్నాక ఒక్క చుక్క కూడా అదనంగా పోయకూడదు. పొద్దున ఆరింటికి చీకట్లో నాలుగు ప్రియస్‌లు వరసగా ఒకే పంపు దగ్గర ఆగి, పక్కన మూడు ఖాళీగా ఉన్నా కదలకుండా నిలబడితే, అక్కడ పనిచేసే కుర్రాడు రెండుసార్లు బయటికొచ్చి చూసి వెళ్లాడు. రెండో తరం కారు సంచి ఎలా ఉంటుందోనని ముందు రోజు దాన్ని ఎండలో పెట్టాను, నవ్వకండి.

మొదటి వారాంతం క్రూజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని కారే నిలబెట్టే ఏర్పాటు) గంటకి 65 మైళ్ల మీద. కుడి లేన్‌లో లారీల మధ్య. రెండో తరం 6.4 గాలన్లు తాగింది, మూడోది 6.2, నాలుగోది 5.6, ఐదోది 5.3. ఎంపీజీలో 47.5, 49, 54.3, 57.4. ఫ్రీమాంట్ వైపు ఆగిన ప్రతిసారీ ఇడ్లీ, కాఫీ. పెద్దాయనకి ఐదో తరం కారు సీటు మరీ కిందికుంది, లేవడానికి చెయ్యి కావాలన్నారు. ఇది ఏ స్టిక్కర్ మీదా ఉండదు గానీ అమ్మానాన్నల్ని ఎక్కించుకునేవాళ్లు రాసుకోవాల్సిన విషయం.

రెండో వారాంతం 75. టికెట్ సంగతి నన్ను అడగొద్దు, పడలేదు. కొండ మీద వీచే గాలి మొదటివారం కన్నా కొంచెం తక్కువుంది, కాబట్టి ఈ అంకెల్లో 75కి మేలే జరిగింది. రెండో తరం 7.4 గాలన్లు, మూడోది 7, నాలుగోది 6.4, ఐదోది 6.1.

చూశారా? రెండో తరం కారు 65లో తాగిందీ 6.4, నాలుగో తరం కారు 75లో తాగిందీ 6.4. 2004లో మొదలైన డిజైన్‌కీ 2016లో వచ్చిన డిజైన్‌కీ మధ్య ఇంజనీర్లు సంపాదించినదంతా, ఇంజిన్ సామర్థ్యం, లిథియం బ్యాటరీ, గాలిని చీల్చుకునే ఆకారం, అన్నీ కలిపి గంటకి పది మైళ్ల వేగం తినేసింది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, 65 నుంచి 75కి వెళ్తే 33 శాతం ఎక్కువ. గాలి నిరోధ గుణకం మూడు తరాల్లో 0.26 నుంచి 0.25కి, 0.24కి తగ్గింది, అది 8 శాతం కూడా నిండదు. మౌంటెన్ హౌస్ నుంచి ఫ్రీమాంట్‌కి ఆ పది మైళ్ల వేగంతో మిగిలే సమయం నాలుగు నిమిషాల పైచిలుకు, అదీ సునోల్ దగ్గర జామ్ లేకపోతే.

మూడో తరం గురించి నా అభిప్రాయం కూడా మారింది. మంచివి కాని టైర్లతో కూడా అది 65లో 49 ఇచ్చింది. దానికి 1.5 లీటర్ల ఇంజిన్ తీసేసి 1.8 పెట్టారు, ఇంజిన్ పెద్దదైతే మైలేజ్ ఎలా పెరుగుతుందని అప్పట్లో చాలామంది అడిగేవారు. హైవే మీద చిన్న ఇంజిన్ గొంతు చించుకుని తిరిగే చోట పెద్దది నెమ్మదిగా తిరిగి అదే పని చేస్తుంది, రాపిడి తక్కువ. బెల్టులు కూడా తీసేశారు, నీళ్ల పంపు కరెంటుతో తిరుగుతుంది. సామర్థ్యం 38.5 శాతం దాకా వచ్చింది, నాలుగో తరం అదే 1.8ని 40కి తీసుకెళ్లింది, ఐదో తరం 2 లీటర్ల ఇంజిన్ 41. అంటే ఒక్కో తరానికి శాతం, శాతంన్నర. మనకి పెద్ద దూకుడుగా కనిపించేదంతా ఇంజిన్ ఒక్కటే తెచ్చింది కాదు.

నాలుగో తరం నిజంగా ఎక్కడ గెలిచిందో ఆల్టమాంట్ దిగేటప్పుడు తెలుస్తుంది. రెండో తరంలో వేగం 42 మైళ్లు దాటితే ఇంజిన్ తిరగాల్సిందే, లేకపోతే లోపలున్న చిన్న మోటార్ తిరగకూడనంత వేగంగా తిరుగుతుంది. గ్యాస్ ఆపేయొచ్చు గానీ ఇంజిన్ మాత్రం ఊరికే దొర్లుతూ ఉంటుంది, ఆ దొర్లించడానికి శక్తి కావాలి. మూడోదానికి ఆ గీత 46కి జరిగింది. నాలుగోదానిలో గేర్ల అమరికే మార్చారు, హైవే వేగాల్లో కూడా ఇంజిన్ పూర్తిగా ఆగిపోతుంది. కొండ ఎక్కి శిఖరం దాటగానే పెడల్ మీంచి కాలు కొంచెం తేలిస్తే చాలు, లోపల నిశ్శబ్దం, గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మా ఆవిడ దాన్ని "గుడిలోకి వచ్చినట్టుంటుంది" అంటుంది. రెండో తరంలో అదే చోట పాత మిక్సీ దూరంగా తిరుగుతున్నట్టు సన్నగా మూలుగు.

ఎక్కేటప్పుడు లెక్క వేరు. రెండో తరం మొత్తం శక్తి 110 హార్స్‌పవర్, మూడోది 134, నాలుగోది 121, ఐదోది 194. రెండోదానిలో పెడల్ నేలకి తొక్కి పట్టుకుంటే పైకి చేరేసరికి బ్యాటరీ గీతలు రెండే మిగులుతాయి. ఐదోదానికి అసలు కొండ ఉన్నట్టే తెలియదు. ఇంత బలం ఇస్తూ మైలేజ్ తగ్గించకపోవడమే ఐదో తరం గొప్పతనం, మైలేజ్ కోసం కొన్నానని నేను బయటికి చెప్తాను గానీ నిజం అది.

చిన్న ట్రిప్పుల గురించి ఒక్క పేరా. డిసెంబర్‌లో మా లోయలో టూలీ పొగమంచు పడుతుంది, పదడుగుల ముందు కారు కనపడదు. బడికి 2.2 మైళ్లు. ఇక్కడ పంపు లెక్క పనికిరాదు కాబట్టి డాష్‌బోర్డ్ అంకె తీసుకుని ఆ కారు అబద్ధం శాతం తీసేశాను: 34, 36, 41, 40 దగ్గర్లో ఉన్నాయి నాలుగూ. ఇంజిన్ వేడెక్కేదాకా హైబ్రిడ్ హైబ్రిడ్ కాదు, మామూలు కారే, హీటర్ వేస్తే ఇంజిన్ అసలు ఆగదు. ఫ్రీజింగ్ కన్నా కిందికి, 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వెళ్లినప్పుడు సిటీలో మామూలు కారు మైలేజ్ 15 శాతం పడితే హైబ్రిడ్‌ది 30 నుంచి 34 పడుతుందని ఇక్కడి ప్రభుత్వ సైటే చెప్తుంది, మా దగ్గర అంత చలి రాదు కాబట్టి సరిపోయింది. రెండో తరంలో దీనికో చిత్రమైన ఏర్పాటు ఉంది, ముందు భాగంలో థర్మాస్ ఫ్లాస్క్ లాంటి డబ్బా, వేడి కూలెంట్ మూడు లీటర్లు దాచిపెట్టి మర్నాడు పొద్దున ఇంజిన్‌లోకి పంపుతుంది. అసలు పెట్టింది పొగ తగ్గించడానికి. కారు ఆపి దిగాక కూడా సన్నగా ఒక పంపు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు "బండి ఆపడం మర్చిపోయావురా" అని రోజూ అనేది. మూడో తరంలో ఆ డబ్బా తీసేసి పొగగొట్టం వేడినే వాడుకున్నారు.

ఎండాకాలం మాట అడుగుతారు కాబట్టి: జులైలో ట్రేసీ వైపు 105 డిగ్రీలున్నప్పుడు ఏసీ అన్నిటికీ నాలుగైదు ఎంపీజీ తింటుంది. మా రెండో తరం కారు ఒక వేసవిలో మరీ ఎక్కువ పడిపోతే, వెనక సీటు పక్కన బ్యాటరీ గాలి పీల్చుకునే జాలీ మీద పిల్లల స్వెట్టర్ ఉంది. చలికాలం నుంచీ అక్కడే ఉందట.

ఇక తమ్ముడి ప్రశ్నకి జవాబు. ఏడాదికి 12,000 మైళ్లు. పాత చిట్టా ప్రకారం 1,000 మైళ్లకి రెండో తరం 21.7 గాలన్లు తాగుతుంది, మూడోది 21.1, నాలుగోది 18.8, ఐదోది 18.3. ఎంపీజీలో చూస్తే 46 నుంచి 54 దాకా చాలా దూరం వచ్చినట్టుంటుంది, గాలన్లలో చూస్తే అంత లేదు. మూడో తరం నుంచి ఐదోదానికి మారితే ఏడాదికి 33 గాలన్లు, గాలన్ 4.80 డాలర్ల లెక్కన 160 డాలర్లు. కొత్త కారు ఇన్సూరెన్స్ తేడాకే అది చాలదు. అదే అతని భార్య నడిపే 20 ఎంపీజీ వ్యాన్ ఏడాదికి అంతే దూరానికి 600 గాలన్లు తాగుతోంది. "మార్చాలంటే దాన్ని మార్చు, దీని జోలికి రాకు" అన్నాను. "అన్నా, వ్యాన్ మాట ఇంట్లో ఎత్తితే నేను బయట పడుకోవాలె" అన్నాడు.

చివరికి టైర్లు మార్చాడు, తక్కువ నిరోధం ఉన్నవి, నాలుగూ కలిపి పాతవాటికన్నా 120 డాలర్లు ఎక్కువయ్యాయి. మొదటి రెండు ట్యాంకులు 47 దగ్గరే ఆగితే నన్ను తిట్టుకున్నాడు. కొత్త టైర్లు కాస్త అరిగి కుదురుకోవాలి, ఆగమన్నాను. మార్చి నెలాఖరుకి ఒక ఫొటో పంపాడు, రసీదూ ఓడోమీటరూ పక్కపక్కన పెట్టి: 412 మైళ్లు, 8.3 గాలన్లు. కింద రాశాడు, "అన్నా, 68లో పోయిన, 65 నాతోని కాదు."